ఆ రెండు గీతలు

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు పోయే హైదరాబాదు రోడ్డు మీద ఒక హోటలాయన ఉండేవాడు. మొదట్లో ఆయనది టీ బండి. సిమెంటు లారీల డ్రైవర్లు, గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలుకుపోయే వ్యాన్లవాళ్లు ఆగి టీ తాగేవాళ్లు. బండి పాక అయింది, పాక రేకుల షెడ్డయింది. చివరికి అప్పు తెచ్చి స్లాబు వేశాడు. ఇడ్లీ స్టీమరు, దోసె పెనాలు, అన్నం వండే పెద్ద పొయ్యిలు, తందూరు అన్నీ ఒకే వంటింట్లోకి వచ్చాయి. అన్నిటికీ ఒక్కొక్క సిలిండరు పక్కన పెట్టుకుంటే కుదరదు కాబట్టి, వెనక గదిలో సిలిండర్లు వరసగా నిలబెట్టి అక్కడినుంచి ఇనుప పైపుతో లైను లాగించాలనుకున్నాడు.

ఆ పనికి ఒక పెద్ద మేస్త్రిని పిలిచాడు. ఈ మేస్త్రి కుర్రతనంలో సిమెంటు ఫ్యాక్టరీలో పైపుల దగ్గర హెల్పరుగా చేరాడు. తర్వాత ఐటీఐలో వెల్డింగు చదివాడు, ఆ పైన గ్యాసు లైన్ల పని విడిగా నేర్చుకుని పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పని చక్కగా ఉంటుంది గానీ నిదానం. తోటి పనివాళ్లు ఆయన్ని ‘రేపు మేస్త్రి’ అనేవాళ్లు. ఎవరు ఎప్పుడు అడిగినా “రేపు వెలిగిద్దాం” అంటాడని ఆ పేరు.

హోటలాయన ఆరు సిలిండర్లు పెట్టమన్నాడు. మేస్త్రి తల ఊపలేదు. “పెద్ద సిలిండరులో పందొమ్మిది కేజీల గ్యాసు ఉంటుంది. అయిదైతే తొంభై అయిదు. ఆరోది పెడితే వంద దాటుతుంది, దానికి లైసెన్సు కావాలి బాబూ. నాలుగుతో మొదలుపెడదాం. రెండు నడుస్తాయి, రెండు సిద్ధంగా ఉంటాయి” అన్నాడు. హోటలాయన ఒప్పుకున్నాడు. గది గోడకి నేల దగ్గర గాలి కంతలు పెట్టించమంటే అదీ ఒప్పుకున్నాడు. లైట్ స్విచ్చిని గది బయటికి మార్పించమంటే కాస్త విసుక్కుని ఒప్పుకున్నాడు.

పైపు వేయడం అయిపోవస్తుండగా మేస్త్రి చుట్టాల పెళ్లికని వత్సవాయి వెళ్లాడు. ఆ వ్యవధిలోనే టైల్స్ పనివాళ్లు వచ్చారు. హోటలాయన బామ్మర్ది బోరు మోటార్లు దింపడంలో, పొలాల్లో డ్రిప్పు లైన్లు వేయడంలో మంచి చురుకైన కుర్రాడు. బావ హోటలంటే వాడికి ప్రాణం. తెల్లటి టైల్స్ మధ్య పసుపు రంగు పైపు గోడ మీద అడ్డంగా పాకడం వాడికి నచ్చలేదు. గోడలో గాడి తవ్వించి, పైపు విప్పి లోపలికి జరిపి, మీద టైల్స్ అతికించేశాడు. చూడటానికి బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

మేస్త్రి తిరిగొచ్చి గోడకేసి చూశాడు. పైపు ఒకచోట గోడలోకి దూరి మరోచోట బయటికి వస్తోంది.

“లోపల జాయింటు ఉందా అబ్బాయ్?”

“లేదు బాబాయ్, ఒకటే పైపు.”

మేస్త్రి ఇంకేమీ అనలేదు. రెగ్యులేటర్లు విప్పి పక్కన పెట్టాడు. పొయ్యిల వైపు కొసలన్నిటికీ ప్లగ్గులు బిగించాడు. సాయంత్రం అయిదింటికి లైనులోకి గాలి ఎక్కించి, గేజిలో ముల్లు నాలుగు కేజీల దగ్గర నిలిచాక పంపు విప్పేశాడు. తన చెక్కపెట్టెలోంచి ధర్మామీటరు తీసి ఎండ ఎంతుందో చూసుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ముప్ఫై మూడు డిగ్రీలు. గేజి పక్కనే నులకమంచం వేసుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఏడూ ఇరవైకి ముహూర్తం. పెనుగంచిప్రోలు తిరునాళ్లు దగ్గర పడుతున్నాయి. తిరుపతమ్మ తల్లి దర్శనానికి పోయే జనంతో రోడ్డు నిండుతుంది. ఆ లోపల పొయ్యి వెలగకపోతే అప్పు మీద వడ్డీ మాత్రం వెలుగుతూనే ఉంటుందని హోటలాయన రాత్రంతా నిద్రపోలేదు.

ఆరింటికే స్నానం చేసి, కొత్త పంచెతో వచ్చాడు. “ఎంతుంది మేస్త్రీ?”

“మూడున్నర దాటి ఒక గీత.”

“నిన్న నాలుగు కదా?”

బామ్మర్ది వెంటనే అందుకున్నాడు. “చలికి తగ్గింది బావా. రాత్రి మంచు పడింది. పొద్దెక్కితే అదే పైకొస్తుంది.”

“అబ్బాయి చెప్పేది అబద్ధం కాదు. చలికి లోపలి గాలి ముడుచుకుంటుంది, ముల్లు దిగుతుంది. ఎంత దిగాలో దానికీ లెక్క ఉంది” అన్నాడు మేస్త్రి. మళ్లీ ధర్మామీటరు చూశాడు. ఇరవై డిగ్రీలు. పెట్టె మూత మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. పదమూడు డిగ్రీలు చల్లబడితే ఇంత గాలి ఒత్తిడిలో చలి వాటాగా పోయేది రెండు గీతలు. ముల్లు దిగింది నాలుగు.

“చలి తన రెండు గీతలూ తీసుకుంది. మిగతా రెండూ ఎవరు తీసుకున్నట్టు?”

వాకిట్లో మామిడాకుల తోరణం కట్టేవాళ్లు ఆగి చూస్తున్నారు. బంధువుల కార్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. హోటలాయన గొంతు లేచింది. “రెండు గీతలకి ముహూర్తం ఆపమంటావా?”

బామ్మర్దికి ఇంకో మాట తట్టింది. అదీ తీసెయ్యదగ్గ మాట కాదు. “బాబాయ్, నువ్వు ఎక్కించింది నాలుగు కేజీలు. పొయ్యి దగ్గరికి వచ్చే గ్యాసు ఒత్తిడి అందులో చిన్న భాగం కూడా ఉండదు. అంత ఒత్తిడికే రాత్రంతా రెండు గీతలు పోతే, వంట ఒత్తిడికి ఏం కారుతుంది?”

“నిదానంగా కారుతుంది, అంతే తేడా. ఒత్తిడి తగ్గిందని కంత మూసుకోదు అబ్బాయ్. నీ బోరు లైనులో నీళ్లు కారితే తడి కనబడుతుంది, బురద కనబడుతుంది. ఇది కనబడదు. ఈ గ్యాసు గాలికంటే బరువు. కారిందంటే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. ఆ సింకు కింద కాలువ చూశావా, అందులో దిగి కూర్చుంటుంది. రాత్రి పదకొండుకి మీరు తలుపులు వేసుకుని పోతారు. తెల్లారి నాలుగింటికి ఇడ్లీ పొయ్యి వెలిగించే పిల్లాడు వచ్చి ముందు లైటు స్విచ్చి నొక్కుతాడు. నూటికి రెండు పాళ్లు గ్యాసు కలిసిన గాలి చాలు, అంటుకోవడానికి.”

హోటలాయనకి ఇవన్నీ అర్థమయ్యాయి. అర్థమైనందుకే కోపం ఇంకా పెరిగింది. “నీ కూలి లెక్క ఎంతో చెప్పు. ఇచ్చేస్తాను. ప్లగ్గులు విప్పి పొయ్యిలు కలపడానికి మావాడు చాలు” అన్నాడు.

మేస్త్రి కోప్పడలేదు. నోటు పుస్తకం తీసి ఒక కాగితం రాశాడు: లైను పరీక్షకి నిలవలేదు, వెలిగించరాదు. కింద తేదీ వేసి, టైము వేసి, సంతకం పెట్టాడు. దాని కింద ఇంకో వాక్యం రాశాడు: ఈ సంగతి తెలిసీ వెలిగిస్తున్నాను. ఆ వాక్యం పక్కన చోటు వదిలి పుస్తకం, కలం హోటలాయన చేతికిచ్చాడు.

“నాది నేను పెట్టాను బాబూ. నీది నువ్వు పెట్టు. పెట్టావంటే నా గేజి తీసుకుని పోతాను.”

హోటలాయన కలం పట్టుకున్నాడు. వడ్డీ కాగితాల మీద ఎన్ని సంతకాలు పెట్టాడో లెక్కలేదు గానీ, ఈ కాగితం మీద చెయ్యి కదల్లేదు. అంతసేపూ గడప మీద కూచుని వింటున్న వాళ్లమ్మ అప్పుడు లేచింది.

“ఒరేయ్, నువ్వు సంతకం పెట్టలేని పొయ్యి దగ్గర నా కోడలు నిలబడి వంట చెయ్యాలా?”

ఎవరూ మాట్లాడలేదు.

“ముహూర్తం పాలు పొంగడానికి గానీ గ్యాసుకి కాదు. పెరట్లో మూడు ఇటికలు పెట్టి పుల్లలు ఎగదోయండి” అంది.

మేస్త్రి చోటు చూపించాడు. లైనులో ఉన్నది గాలే, సిలిండర్లు ఇంకా రాలేదు, అయినా ఆ గదికి దూరంగానే పొయ్యి పెట్టించాడు. ఏడూ ఇరవైకి పాలు పొంగాయి. వచ్చినవాళ్లు ప్రసాదం తిని పోయారు. పది దాటి ఎండెక్కాక కూడా ముల్లు పైకి రావలసినంత రాలేదు.

మధ్యాహ్నం బామ్మర్దే సుత్తి పట్టుకున్నాడు. “లోపల ఎల్బో ఉంది బాబాయ్. గాడిలో పైపు వంపు తిరగలేదు. చెబితే టైల్స్ తీయిస్తావని చెప్పలేదు” అన్నాడు. మూడు కొత్త టైల్స్ పగిలాయి. ఎల్బో మరలకి నీళ్ల పైపుకి పెట్టినట్టే జనపనార చుట్టి తెల్ల సఫేదా రాసి బిగించి ఉంది. సబ్బు నురగ పూస్తే మర అంచున సన్నటి బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. వాడు తల పైకెత్తలేదు. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి, పైపు రంపం వాడి చేతికే ఇచ్చాడు.

లైను మళ్లీ గోడ బయటికి వచ్చింది. గోడ దాటే ఒక్కచోట పైపుకి పెద్ద గొట్టం తొడుగు వేశారు, జాయింట్లన్నీ కంటికి కనబడేలా ఉంచారు. మళ్లీ గాలి, మళ్లీ రాత్రి, మళ్లీ ధర్మామీటరు. ఈసారి చలి తన వంతు తీసుకుని తెల్లారాక తిరిగి ఇచ్చేసింది.

“ఇక వెలిగిద్దామా?” అన్నాడు హోటలాయన.

“ఇంకా కాదు. లైనులో గాలి ఉంది. గాలీ గ్యాసూ కలిసిన పైపుకి నిప్పు చూపించకూడదు. ముందు ఆ గాలిని ఆరుబయటికి వదలాలి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకోవాలి.”

అదీ అయ్యాక, రోడ్డు మీద లారీల రొద తగ్గిన ఒక మధ్యాహ్నం వేళ పొయ్యి వెలిగింది. ముహూర్తమేదీ చూడలేదు. బామ్మర్ది ఆ యేడే గ్యాసు పైపుల పని నేర్పే చోటు వెతుక్కుంటూ విశాఖపట్నం రైలెక్కాడు.

నీతి

పైపు బిగించగలిగినంత మాత్రాన గ్యాసు పనికి అర్హత వచ్చినట్టు కాదు. బిగించిన పైపుని ‘ఇప్పుడు వెలిగించకూడదు’ అని చెప్పి, ఆ మాట కింద సంతకం పెట్టగలిగినవాడిదే అర్హత. ఆ మాట విని ఆగగలిగినవాడే యజమాని.

ఈ నీతిని నేను కథ కోసం అల్లలేదు. మన ఉమ్మడి కృష్ణా జిల్లాకి గ్యాసు తెచ్చిన ఒక గొట్టం చరిత్రలో ఇది రాసి ఉంది. నందిగామ నుంచి బెజవాడ వెళ్తుంటే దారిలో కొండపల్లి వస్తుంది. అక్కడి విద్యుత్ కేంద్రానికి కోనసీమలోని తాటిపాక నుంచి గెయిల్ సంస్థ 18 అంగుళాల పైపులైను వేసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో ఆ లైను పగిలింది. గ్యాసు ఊరి మీద పరుచుకుంది, తర్వాత అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరితోటలూ కాలిపోయాయి. పొద్దున్నే టీ కొట్టు పొయ్యి వెలిగించడంతో మంట లేచిందని అప్పటి వార్తల్లో వచ్చింది.

విచారణలో తేలింది ఏమిటి? పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు. గ్యాసుతో పాటు వచ్చిన నీరు, కార్బన్ డయాక్సైడు కలిసి ఉక్కుని లోపలినుంచి తిన్నాయి. గొట్టం ఒక్క రాత్రిలో పగలలేదు. ఏళ్ల తరబడి తడి గ్యాసు పోతూ ఉంటే, ‘ఈ గొట్టం దీనికి కాదు, ఆపండి’ అనే మాట చెల్లుబాటు కాలేదు. అంత పెద్ద సంస్థలో చదువుకున్న ఇంజనీర్లకి కొదవ ఉండదు. ‘వెలిగించరాదు’ అన్న కాగితానికి విలువ ఉండి ఉంటే నగరం పల్లె అలా కాలేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దానికి నలభై ఆరేళ్ల ముందు, 1968 మే 16న, లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఒకావిడ పొద్దున టీ కోసం పొయ్యి వెలిగించింది. పద్దెనిమిదో అంతస్తులో గ్యాసు పేలింది. ఆ మూల గదులన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి, నలుగురు చనిపోయారు. కారణం తవ్వితే, పొయ్యికి గ్యాసు కలిపే చోట బిగించిన నాసిరకం ఇత్తడి నట్టు దొరికింది. మన కథలో ఎల్బో కంటే చిన్న వస్తువు. ఆ ప్రమాదం తర్వాత 1970లో బ్రిటన్‌లో గ్యాసు పనివాళ్ల రిజిస్టర్ ఒకటి మొదలైంది. 2009 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ నడుస్తోంది. అందులో పేరు లేనివాడు ఇంటి గ్యాసు లైను ముట్టుకోవడం చట్టవిరుద్ధం. పేరు ఉన్నవాడి కార్డు వెనక ఏయే పనులకి అర్హుడో అచ్చు వేసి ఉంటుంది. ఇంటి పొయ్యి పనికి అర్హత ఉన్నవాడు హోటల్ వంటశాల లైను ముట్టుకోవాలంటే దానికి వేరే పరీక్ష పాసవ్వాలి. ఈ విడదీత నాకు చాలా నచ్చుతుంది. చిన్న పైపు పని చక్కగా చేసేవాడు పెద్ద పైపు పనికి సరిపోతాడని అనుకోవడంలోనే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. బోరు పైపులు వేసే బామ్మర్దిలో మంచితనానికీ తెలివికీ లోటు లేదు. నీళ్లకి పనికొచ్చే సఫేదా గ్యాసుకి పనికిరాదన్న చిన్న సంగతి ఒక్కటే అతనికి ఎవరూ నేర్పలేదు.

మన వీధుల్లో మేస్త్రి జేబులో అలాంటి కార్డు కనబడదు. అయితే నేర్చుకునే దారి లేదనడం సరికాదు. ఐటీఐల్లో ఫిట్టరు, వెల్డరు, ప్లంబరు కోర్సులు ఉన్నాయి. విశాఖపట్నంలో ప్రభుత్వ చమురు సంస్థలు పెట్టిన నైపుణ్య శిక్షణ సంస్థలో పట్టణ గ్యాసు పైపులు వేసే పని నేర్పుతున్నారు. సిలిండర్ల గది ఎలా ఉండాలో, లైను ఎలా వేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఉంది, దాని నంబరు ఐఎస్ 6044. వంద కేజీలు మించి గ్యాసు నిల్వ పెట్టుకోవడానికి లైసెన్సు అడిగే గ్యాస్ సిలిండర్ రూల్స్ 2016లో వచ్చాయి. ఆ లైసెన్సు ఇచ్చే పెసో సంస్థ కేంద్ర కార్యాలయం నాగపూర్‌లో ఉంది. రబ్బరు గొట్టానికి ఐఎస్ఐ గుర్తు ఉండాలనీ, అయిదేళ్లకి మార్చాలనీ గ్యాసు కంపెనీలు చెబుతూనే ఉన్నాయి. కారుతున్న గ్యాసు తెలియాలనే దానికి వాసన కలుపుతారు. ఆ వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా, సిలిండరు వాల్వు కట్టి, తలుపులు బార్లా తీసి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలి. అగ్గిపుల్ల గీసి లీకు వెతికే అలవాటు మన హోటళ్లలో ఇంకా ఉంది. అది కళ్లారా చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. సబ్బు నురగకి ఖర్చు ఎంత?

కాబట్టి కొత్తగా లైను వేయించేవాళ్లని నేను అడిగేది ఒక్కటే: పని అయ్యాక మేస్త్రి దగ్గర పరీక్ష కాగితం తీసుకోండి. ఎంత ఒత్తిడి ఎక్కించాడు, ఎన్ని గంటలు నిలిచింది, ఏ తేదీన, ఎవరు చూశారు, ఆ చూసినవాడి అర్హత ఏమిటి. ఈ వివరాలు రాసి సంతకం పెట్టడానికి వెనకాడేవాడికి పని ఇవ్వకండి. పరీక్షకి పట్టే ఒక రాత్రి కూలి కూడా అతనికి ఇవ్వండి. నిదానంగా చేసినందుకు డబ్బు కోత పెట్టే యజమానులే మేస్త్రులకి తొందర నేర్పుతున్నారు.

మున్సిపాలిటీ కూడా ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, ఏటా తిరగరాసేటప్పుడు ఈ కాగితం అడగాలి. నందిగామలో, జగ్గయ్యపేటలో హోటళ్లు ఒక్కటే కాదు, కల్యాణ మండపాలున్నాయి, మిఠాయి దుకాణాల వెనక వంటశాలలున్నాయి, కాలేజీ హాస్టళ్లున్నాయి. వీటిలో ముందు హాస్టళ్లతోనే మొదలుపెట్టాలి. అక్కడ వంటవాడు తెల్లవారుజామున పొయ్యి వెలిగించే వేళకి పై అంతస్తులో వందలమంది పిల్లలు ఇంకా నిద్రలో ఉంటారు.